మా తమ్ముడి కారు, మా అమ్మ బరువు

మొన్నామధ్య ఒక పొద్దున పోర్ట్ బ్లెయిర్ షాదీపూర్‌లో మా డాబా మీద బట్టలు ఆరేస్తూంటే మాడు వాసన ముక్కుకి తగిలింది. పాలు పొంగి మాడితే ఒకలా ఉంటుంది, వైరు కాలితే ఇంకోలా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. తడిచీర నా చేతిలో అలాగే ఉండిపోయింది. పిట్టగోడ మీంచి తొంగి చూస్తే, కింద వాటాలో అద్దెకుండే బ్యాంకు ఉద్యోగి తన కారుని మా వీధి ఎత్తు ఎక్కించలేక నానా తంటాలూ పడుతున్నాడు. ఇంజను గొంతు చించుకుంటోంది, కారు మాత్రం ఉన్నచోటే ఉంది. సాయంత్రం అతను కరివేపాకు కోసం పైకొస్తే, "క్లచ్చి పోయినట్టుంది కదా బాబూ" అన్నాను. నన్ను ఎగాదిగా చూశాడు. ముప్పైయేళ్ళు పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరైన మనిషి నోట ఆ మాట వస్తుందని అనుకోలేదు పాపం. "అవునాంటీ. టర్బో బండి కదా, బూస్టు పెంచించాను. పాత క్లచ్చి పట్టడం లేదు. ఇప్పుడు ఏ రకం వెయ్యాలా అని ఫోన్లో చూస్తున్నాను" అన్నాడు. "మీ ఇంట్లో ఇంకెవరైనా నడుపుతారా?" అని అడిగాను. "మా ఆవిడ. ఎందుకాంటీ?" అన్నాడు. ఎందుకో ఒక్క మాటలో చెప్పడం నా తరం కాలేదు. కూర్చోబెట్టి టీ ఇచ్చి చెప్పుకొచ్చాను. అతనికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. అతను వింటూ టీ చల్లార్చుకున్నాడు, మీరు మాత్రం తాగుతూ వినండి.

చౌల్దారీ అనే పల్లెలో మాకు ఒక ఇల్లూ, ఇంటి ముందు సముద్రంలో కలిసే వాగు దాకా కొంచెం వరిపొలమూ ఉండేవి. శ్రీకాకుళం వైపు నుంచి గుమాస్తా ఉద్యోగానికని ఓడెక్కి ఈ దీవులకి వచ్చిన మా నాన్న, తిరుగు ఓడ ఎక్కడం ఏటికేడు వాయిదా వేసుకుంటూ కొన్నవి అవి. నాన్న పోయాక అక్కడ మా తమ్ముడూ, మరదలూ, అమ్మా ఉండేవారు. నేను ఉద్యోగం కోసం పట్నంలో మిడిల్ పాయింట్‌లో ఉన్నా, రెండు రోజులు సెలవొస్తే చాలు, బస్సెక్కి చౌల్దారీలో వాలేదాన్ని. తమ్ముడు పోర్ట్ బ్లెయిర్‌లో పడవ ఇంజన్లు బాగుచేసే వర్క్‌షాపులో పనిచేసేవాడు. పొద్దున్నే పోతే మళ్ళీ పొద్దుగూకే వేళకి ఇంటికి చేరేవాడు. మెయిన్‌లాండ్‌కి బదిలీ అయిన ఆఫీసర్లు వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్జుల్నీ, సోఫాల్నీ, ఒక్కోసారి కుక్కల్నీ కూడా ఇక్కడే వదిలించుకుని పోతారు. అలా ఒకాయన వదిలించుకున్న టర్బో డీజిల్ కారు మా తమ్ముడికి దొరికింది. దొరికిన రోజు నుంచీ వాడికి ఆకలి లేదు, నిద్ర లేదు. టర్బో అంటే ఏమిట్రా అని అమ్మ అడిగితే వంటింట్లోంచి ఊదుగొట్టం పట్టుకొచ్చాడు. "పొయ్యిలో నువ్వు ఊదితే మంట లేస్తాది కదే. ఈ ఇంజను తన పొగతోనే ఒక ఫ్యాను తిప్పుకొని, తన మంట తనే ఊదుకుంటాది. ఎంత గట్టిగా ఊదితే అంత బలం. ఆ ఊదుడునే బూస్టు అంటారు" అని పాఠం చెప్పాడు. అమ్మ శ్రద్ధగా విని, "మరీ గట్టిగా ఊదితే బూడిద కళ్ళల్లో పడదేట్రా?" అంది. వాడు పకపకా నవ్వాడు.

మా అమ్మ భారీ మనిషి. మోకాళ్ళు అరిగిపోయి, గడప దాటాలంటే ఎవరో ఒకరి భుజం కావలసి వచ్చేది. నోరు మాత్రం ఏమీ అరగలేదు. మరదలు అమ్మకి పూర్తిగా భిన్నం, గుప్పెడు మనిషి. అమ్మని ఆసుపత్రికి తీసుకెళ్ళాలంటే పగటిపూట ఇంట్లో మగాడు ఉండడని, తమ్ముడు ఆమెకి కారు నేర్పించాడు. వాడు జీవితంలో చేసిన తెలివైన పనుల్లో అదొకటి. మిగతావి లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. మరదలు సీటు మీద దిండు వేసుకుని, ముక్కు స్టీరింగు మీద పెట్టినట్టు కూర్చుని, మెల్లగా, ఎవరికీ కుదుపు తెలియకుండా నడిపేది. ఊళ్ళో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి చూసేవారు.

క్రిస్మస్ సెలవులకి నేను వెళ్ళేసరికి తమ్ముడు ఎదురొచ్చి, "అక్కా, బూస్టు పెంచీసేను. స్క్రూ రెండు చుట్లు బిగించి, పంపులో డీజిలు కూడా కొంచెం ఎక్కువ వదిలేను. ఇప్పుడిది ఏనుగు" అన్నాడు. ఇంజను బలం పెరిగితే, ఆ బలాన్ని చక్రాలకి అందించే క్లచ్చి కూడా అంత బలంగా పట్టుకోవాలన్న సంగతి వాడికి తెలుసు. పడవల మీద రోజూ చేసే పనే. కొత్త క్లచ్చి ఓడ మీద రావాలి, ఓడకి ఇంకా మూడు వారాలుంది, ఈలోగా ఏం కొంప మునిగిపోతుందిలే అనుకున్నాడు. వాడు అన్న మాటే ఇది, నేను కల్పించింది కాదు.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం పొద్దున భూమి ఊగినప్పుడు మేమంతా ఇంట్లోనే ఉన్నాం. గిన్నెలు పడ్డాయి, గోడ పగిలింది, ఎలాగో వాకిట్లోకి వచ్చి పడ్డాం. అమ్మయ్య, అయిపోయింది అనుకున్నాం. కాసేపటికి వాగు అడుగు దాకా ఖాళీ అయిపోయింది. చేపలు బురదలో కొట్టుకుంటున్నాయి. రాంచీ వైపు నుంచి వచ్చి స్థిరపడిన పక్కింటి రాంచీ భయ్యా మొదట చేపలు ఏరుకుందామని గంప పట్టుకున్నవాడే, సముద్రం వైపు చూసి గంప అవతల పారేసి "భాగో! పానీ!" అని అరిచాడు. నల్లటి నీళ్ళు చప్పుడు లేకుండా గట్టు దాటి మా వరిమళ్ళలోకి వచ్చేస్తున్నాయి. తమ్ముడు కారు తీశాడు. మేం నలుగురం, భయ్యా ఇంటివాళ్ళు ఐదుగురు, మొత్తం తొమ్మిదిమందిమి ఒకరి మీద ఒకరం పడ్డాం. ఊరి వెనక మిట్ట ఒక్కటే దిక్కు. సగం ఎత్తు ఎక్కామో లేదో, ఇంజను అరుపు పెరిగింది, కారు వేగం తగ్గింది, కాలిన వాసన కారంతా నిండింది. క్లచ్చి జారిపోతోంది. కారు ఆగిపోయింది. వెనక్కి చూస్తే కింద మలుపు దగ్గరికి నీళ్ళు వచ్చేశాయి. అందరం దూకేశాం. తమ్ముడు అమ్మని వీపు మీద వేసుకున్నాడు. పది అడుగులకి మోకాళ్ళ మీద పడ్డాడు, లేచాడు, మళ్ళీ పడ్డాడు. చివరికి వాడొక చెయ్యీ భయ్యా ఒక చెయ్యీ వేసి ఈడ్చుకుంటూ పైకి చేర్చారు. నీళ్ళు ఆ మలుపు దాటి రాలేదు. దీవుల్లో ఎందరికో దక్కని అదృష్టం మాకు దక్కింది.

నీళ్ళు వచ్చినట్టే పోలేదు. నేల కుంగిందన్నారు, మా పొలంలో ఉప్పునీళ్ళు అలాగే నిలిచిపోయాయి. వరిమడిలో రొయ్యలు ఈదుతుంటే చూసి ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఇల్లు మాత్రం కొంచెం మెరక మీద ఉండడంతో మిగిలింది. తమ్ముడు ఆ పొలం వైపే పోలేదు. రోజూ ఆ మిట్ట దగ్గరికెళ్ళి కారు ఆగిన చోట నిలబడి వచ్చేవాడు. ఒకరోజు నాతో, "స్క్రూ ముట్టుకోకపోతే ఎక్కీసును అక్కా. నెమ్మదిగానైనా ఎక్కీసును. నానే ఆపీసినాను" అని గోడకి తల ఆన్చి ఏడ్చాడు. వాణ్ణి అలా చూడడం నా వల్ల కాలేదు. అమ్మ లోపల్నుంచి, "ఒరే, బతికిందాన్ని నానుండగా నువ్వేటికిరా ఏడుపు? రా, అన్నం తిను" అని కేకేసింది. ఆ రోజుల్లో వారం తిరక్కుండా భూమి మళ్ళీ మళ్ళీ ఊగేది. ఊగిన ప్రతిసారీ అందరి కళ్ళూ అమ్మ మోకాళ్ళ మీదికీ, ఆ కారు మీదికీ పోయేవి. ఈ ఇంట్లో ఉండాలా, పట్నం పోవాలా అన్నది ఆ కారు మిట్ట ఎక్కుతుందా లేదా అన్నదాని మీద ఆగింది. అమ్మ మాత్రం నాన్న కొన్న ఇంటి గడప దాటి రానని భీష్మించుకుంది.

అప్పుడు మొదలైంది క్లచ్చి ఎంపిక. పెళ్ళిసంబంధానికి కూడా మా ఇంట్లో అంత వెతకలేదు. వైజాగ్‌లో తమ్ముడికి తెలిసిన ఒక మేస్త్రి ఉండేవాడు. ఆయన్ని మేమెవరం చూడలేదు, ఫోనులో గొంతు మాత్రం విన్నాం. బూస్టుని అదుపులో పెట్టడానికి డాష్‌బోర్డు మీద దీపాలు వెలిగే డబ్బా ఒకటి ఉందని తమ్ముడు ముచ్చటపడితే, "బాబూ, కరెంటుది ఒద్దు. మీ ఉప్పుగాలికి ఆర్నెల్లు ఆగదు. ఇత్తడి వాల్వు ఎట్టుకో, స్క్రూ తిప్పుకో, ఊరుకో" అన్నాడాయన. క్లచ్చిలో మూడు రకాలు చెప్పాడు. ఒకటి కంపెనీవాళ్ళు ఇచ్చేది. ఒకటి సిరామిక్ బిళ్ళలది, అది కరిచినట్టు పట్టేస్తుంది, వదిలినప్పుడల్లా బండి ఎగిరిపడుతుంది. మూడోది గట్టి స్ప్రింగులు వేసిన ప్లేటు, అది జారమన్నా జారదు. అమ్మ నడుముకి ఎగుళ్ళు పడవని సిరామిక్ మానేసి, తమ్ముడు గట్టి స్ప్రింగులది తెప్పించాడు. వచ్చిన మొదటిదానికి ఇరుసులో కూర్చునే పళ్ళ లెక్క తేడా వచ్చి, తిరుగు ఓడ మీద పంపి, మళ్ళీ ఓడ కోసం రేవు వైపు చూస్తూ కూర్చున్నాం. దీవుల్లో ఏది ఎంచుకున్నా ఒకేసారి సరిగ్గా ఎంచుకోవాలి, లేకపోతే నెల పోతుంది.

ఈలోగా వాడికి ఇంకో పిచ్చి పట్టింది. ఆ రోజు కార్లో ఎక్కిన తొమ్మిదిమంది బరువూ తెలిస్తే తప్ప బూస్టు ఎంత పెట్టాలో తేలదన్నాడు. రేషను డిపోలో బియ్యం తూచే కాటా మీద అందర్నీ నిలబెట్టి కాగితం మీద రాసుకున్నాడు. రాంచీ భయ్యా కుటుంబం పండగకి వెళ్ళినట్టు తలలు దువ్వుకుని వచ్చింది. నన్నూ ఎక్కించాడు. నా అంకె మీకు అనవసరం. అమ్మ దగ్గరికి వచ్చేసరికి, "నన్ను బియ్యం బస్తాలా తూస్తావేట్రా? సిగ్గు లేదూ? అరవై రాసుకో ఫో" అంది. నాకు నవ్వాగలేదు. మరదలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తమ్ముడు మాత్రం మాతృవాక్యం కదా అని అరవై రాశాడు. క్లచ్చి బిగించాక మనిషికొక బస్తా చొప్పున కొబ్బరికాయలు అంతంత బరువుకి తూచి, అమ్మ బస్తా అమ్మ చోటులో పెట్టి, తను నడిపి మిట్ట ఎక్కించాడు. కారు అరుపూ లేదు, వాసనా లేదు, గిర్రున ఎక్కేసింది. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి వాడు కడుపునిండా తిన్నాడు.

మర్నాడు మరదలు కారు తీయబోయి, దిగి వచ్చి, "క్లచ్చి చానా గట్టిగున్నాదండీ" అంది. "కొత్తది కదా, అలవాటయిపోద్ది" అన్నాడు తమ్ముడు. రెండు రోజులాగి మళ్ళీ చెప్పింది. వాడు మళ్ళీ అదే మాట అన్నాడు. నేనక్కడే కూర్చుని వంకాయలు తరుగుతున్నాను. విన్నాను, ఊరుకున్నాను. వాడి తప్పులో నా వాటా అది.

వానాకాలం మధ్యలో అమ్మకి జ్వరంగా ఉందంటే సెలవు పెట్టి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలు చేస్తుండగా భూమి ఊగింది. ఎక్కువసేపేమీ కాదు. ఐదు నిమిషాల్లో వీధిలో కేకలు మొదలయ్యాయి, నీళ్ళొస్తున్నాయని. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు. మరదలూ నేనూ అమ్మని ఎత్తి వెనక సీట్లో కుదేశాం. మరదలు ఎక్కి క్లచ్చి తొక్కింది. ఆ గట్టి స్ప్రింగులకి పెడలు సగం దిగి ఆగిపోయింది. గేరు గరగరమంది. రెండు కాళ్ళూ కలిపి, సీటుకి వీపు ఆన్చి, పళ్ళు కరుచుకుని తొక్కితే గేరు పడింది. ఒక కాలు యాక్సిలరేటర్ మీదికి మార్చగానే రెండో కాలు వణికి లేచిపోయింది. కారు కప్పలా గెంతి ఆగింది. అమ్మ తల ముందు సీటుకి కొట్టుకుంది. మళ్ళీ, మళ్ళీ. మూడో గెంతుకి కారు మా గేటుకి అడ్డంగా ఇరుక్కుంది. "వదినా, నా వల్ల కావట్లేదు వదినా" అని ఆ పిల్ల ఏడుస్తూనే తొక్కుతోంది. వెనక నుంచి అమ్మ, "నన్ను వదిలీసి మీరెళ్ళండి. ఎల్తారా లేదా?" అని అరిచింది. అప్పుడు రాంచీ భయ్యా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి పట్టుకుని గేటు దూకి వచ్చాడు. భయ్యా, వాళ్ళావిడ, మరదలు, నేను తలో కుర్చీ కాలూ పట్టుకుని అమ్మని కుర్చీతో సహా మిట్ట ఎక్కించాం. సగం దారిలో భయ్యా కుర్చీ దించి, రొప్పుతూ, "దీదీ, ఏ సాఠ్ కిలో నహీఁ హై! అమ్మాజీ నే ఝూట్ బోలా!" అన్నాడు, అరవై కిలోలన్నది అబద్ధమని పట్టేసి. ఆ భయంలో కూడా నాకు నవ్వొచ్చింది. అమ్మ చూపు పక్కకి తిప్పుకుని, "డెబ్భై ఎనిమిది. మొన్న ఆసుపత్రిలో తూసేరు" అంది.

నీళ్ళు రాలేదు. వట్టి పుకారు. పొద్దుగూకే ముందు తమ్ముడు ఎవరి స్కూటరో పట్టుకుని వచ్చి, గేటుకి అడ్డంగా ఉన్న కారుని చూసి, మిట్ట మీదికి పరిగెత్తుకొచ్చాడు. మరదలు ఎడమ పాదం వాచి, కమిలిపోయి ఉంది. పెళ్ళైన పన్నెండేళ్ళలో మొగుడికి ఎదురు చెప్పని మనిషి తలెత్తి, "మీ క్లచ్చి మీ కాలుకే సరిపోయింది. నీళ్ళు మీరు ఇంటికాడ ఉన్నప్పుడే వస్తాయేటి?" అంది. వాడు కూలబడి ఆ పాదం రెండు చేతుల్తో పట్టుకున్నాడు. పెద్దవాళ్ళ ఎదుట మగాడు పెళ్ళాం కాలు పట్టుకోవడం మా ఇంట్లో అదే మొదలు. అమ్మ నా చెయ్యి గిల్లి, "అటు చూడే" అంది. ఇద్దరం సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం.

మర్నాడు తమ్ముడు మరదల్ని వర్క్‌షాపుకి తీసుకెళ్ళాడు. నేనూ వెంట వెళ్ళాను. మరమ్మతుకి వచ్చిన కార్లూ, జీపులూ, వ్యానూ అన్నిట్లోనూ ఆమెని కూర్చోబెట్టి క్లచ్చి తొక్కించాడు. ఆమె ఒక్కోటీ తొక్కి "ఒద్దు" అంటూ దిగింది. తరవాత చెప్పులు విడిచి, "నీళ్ళొచ్చినప్పుడు చెప్పులెవులు ఏసుకుంటారు?" అని వట్టి కాళ్ళతో మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి ఒక పాత కారులో పదిసార్లు తొక్కి, "ఇది. ఇది పొద్దంతా తొక్కుతాను" అంది. తమ్ముడు ఆ పెడలుకి స్ప్రింగు తక్కెడ తగిలించి ఎంత బరువుకి దిగుతుందో చూసుకుని, వైజాగ్‌కి ఫోను చేశాడు. ఈ పాదానికి దిగే క్లచ్చి కావాలి, అది ఎంత పట్టగలదో చెప్పండి, బూస్టు అంతకే దించుతాను అన్నాడు. అవతల మేస్త్రి, "ఇన్నేళ్ళ సర్వీసులో కాలు కొలత చెప్పి క్లచ్చి అడిగినోడివి నువ్వొక్కడివే బాబూ" అన్నాట్ట. కంపెనీ స్ప్రింగులే ఉంచి, కొంచెం మేలురకం పట్టు ఉన్న ప్లేటు పంపాడు. తమ్ముడు వాల్వు తిప్పి బూస్టు తగ్గించాడు, పంపులో డీజిలూ తగ్గించాడు. ఆ స్క్రూ తిప్పే తాళంచెవిలాంటిదాన్ని మరదలు తీసుకెళ్ళి పోపుల పెట్టెలో మెంతుల కింద దాచేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

ఈసారి అమ్మ బస్తా డెబ్భై ఎనిమిదికి నింపారు. మరదలే నడిపింది, వట్టి కాళ్ళతో. తమ్ముడు కారెక్కలేదు. ఒకవేళ జారితే చక్రం కింద పెట్టడానికి పెద్ద రాయి ఒకటి పొట్టకి హత్తుకుని వెనకాల నడిచాడు. కారు మొదటి గేరులో, ఏనుగులా కాదు, కడుపుతో ఉన్న గేదెలా ఎక్కింది. కానీ ఎక్కింది. పైన రాయి దించి వాడు కళ్ళు తుడుచుకున్నాడు, చెమటన్నాడు. అప్పటినుంచి నెలకొక ఆదివారం మా ఇంట్లో అదొక ఆనవాయితీ అయింది. మరదలు అమ్మని ఎక్కించుకుని మిట్ట మీదికి పోవడం, ఫ్లాస్కులో టీ తాగడం, మునిగిన మా పొలాన్ని పైనుంచి ఒకసారి చూసుకుని దిగిరావడం. అమ్మ ప్రతిసారీ కొత్తచీర కట్టుకునేది. సునామీకి ఇంత ముస్తాబెందుకే అంటే, "ఎవులైనా సూస్తారు కదే" అనేది.

పదేళ్ళ పైన అలా ఎక్కుతూ దిగుతూ ఉన్నాం. నీళ్ళు మళ్ళీ రాలేదు. ఆఖరి ఏడాది అమ్మకి తిండి సయించక చిక్కిపోయింది. ఆసుపత్రికి చివరిసారి తీసుకెళ్ళింది కూడా మరదలే, దారిలో ఒక్క కుదుపు లేకుండా. నర్సు తూకం మీద కూర్చోబెట్టి "అరవై" అంది. అమ్మ కళ్ళు తెరిచి, ఓపిక కూడదీసుకుని తమ్ముడి వైపు చూసి, "సెప్పేనా నాను?" అంది. వాడు నవ్వబోయి, బయటికెళ్ళి వరండాలో స్తంభం పట్టుకుని ఏడ్చాడు. మేం అమ్మతో మాట్లాడుతూ కూర్చున్నాం.

బ్యాంకు ఉద్యోగి అంతా విని, వాళ్ళావిణ్ణి తీసుకుని రేపే వర్క్‌షాపుకి వెళ్తానన్నాడు. వెళ్ళాడో లేదో తెలియదు. నేను మాత్రం మొన్న ఆదివారం కూడా చౌల్దారీ వెళ్ళి వచ్చాను. మరదలు కాలిచెప్పులు విడిచి స్టీరింగు ముందు కూర్చుంది. తమ్ముడు కొబ్బరికాయల బస్తా మోసుకొచ్చి వెనక సీట్లో అమ్మ చోటులో పెట్టాడు. అందులోంచి పచ్చడికి తీసిన కాయల బదులు కొత్తవి వేసి, తూకం సరిచూసి మరీ తెస్తాడు. "బరువు లేకుండా ఎక్కితే బండి సంగతి ఏటి తెలుస్తాది అక్కా" అంటాడు, నేను అడక్కపోయినా. కాలం మా అమ్మని అరవైకి దించింది. మా బస్తా మాత్రం ఇప్పటికీ డెబ్భై ఎనిమిదే.